మేకపిల్లల నీలం రాయి

ఆ ఏడు ఆగస్టు నుంచి నవంబరు దాకా మా నాన్నకి నేను అబద్ధం చెబుతూనే ఉన్నాను. నోటితో చెప్పింది తక్కువ, చేత్తో చెప్పింది ఎక్కువ. పైగా చేత్తో చెప్పినదానికి నెలనెలా జీతం కూడా తీసుకున్నాను. అదీ నా నిర్వాకం.

లైప్‌జిగ్‌లో ఒక అచ్చుకూటంలో నేను రాళ్ళు గీసేదాన్ని. చిత్రకారుడు వేసిన బొమ్మని ఎదురుగా పెట్టుకుని, అందులో పసుపెంత, ఎరుపెంత, నీలమెంత, నలుపెంత అని కంటితోనే విడదీయాలి. ఒక్కో రంగుకి ఒక్కో సున్నపురాయి. ఆ రాయి మీద జిడ్డుగా ఉండే నల్ల పెన్సిలుతో, కుడిఎడమలు తిరగేసి గీయాలి. నాలుగు రాళ్ళూ వరసగా ఒకే కాగితం మీద పడితే అసలు బొమ్మ తిరిగొస్తుంది. మా పనిలో ఒకటే నియమం. చిత్రకారుడి బొమ్మలో నీ సొంతం ఈగ కాలంత కూడా చేర్చకూడదు, తీయకూడదు.

మా నాన్న ఓట్మార్ చిత్రకారుడు. డెబ్బయ్యొకటో ఏట ఆయనకి మేకపిల్లల కథ మళ్ళీ చేతికొచ్చింది. తల్లిమేక బయటికెళుతుంది. తోడేలు తలుపు కొడుతుంది. కాలు చూపించమంటాయి పిల్లలు. అది కాలికి పిండి పూసుకుని తెల్లగా చూపిస్తే, అమ్మే అనుకుని తలుపు తీస్తాయి. ఆరింటిని మింగేస్తుంది, ఏడోది గోడగడియారం పెట్టెలో దాక్కుని బతుకుతుంది. యుద్ధానికి ముందు నాన్న ఒకసారి ఈ బొమ్మలే వేశాడు. పుస్తకాల పేట మీద బాంబులు పడినప్పుడు బొమ్మలూ రాళ్ళూ అచ్చయిన ప్రతులూ అన్నీ బూడిదయ్యాయి. "చచ్చేలోగా నా పిల్లల్ని ఇంటికి తెచ్చుకుంటానే" అంటూ ఉండేవాడు.

ఆగస్టులో ఒక ఆదివారం, వంటింట్లో ప్లమ్ పళ్ళ కేకు కోస్తుంటే, మొదటి నాలుగు బొమ్మలు తెచ్చి బల్ల మీద పరిచాడు.

"చూడవే పిల్లా. ఎలా ఉన్నారు మనవాళ్ళు?"

గీతకి వంక పెట్టేవాడు పుట్టలేదు. ఒక్కో మేకపిల్లకి ఒక్కో బుద్ధి, చెవి తిప్పిన తీరులోనే తెలిసిపోతోంది. కానీ రంగు! ఏడు పిల్లలూ నీళ్ళలోంచి తీసిన శవాల్లా నీలంగా ఉన్నాయి. కిటికీ గుమ్మం మీద తోడేలు పెట్టిన కాలికి పూసింది పిండి కాదు, చాకలి నీలిమందు.

"నోరు పడిపోయిందా?"

"బాగున్నాయి నాన్నా."

"బాగున్నాయట! బట్టల కొట్లో గుడ్డ చూసినట్టు. సరిగ్గా చూసి చెప్పు."

తల వంచుకుని కేకు ముక్కలు సర్దాను. బల్ల కింద ఆయన కాళ్ళు కనిపించాయి. ఒక మేజోడు నలుపు, ఇంకోటి ముదురు నీలం. ఆయన కళ్ళ సంగతి అప్పుడర్థమైంది.

కంట్లో శుక్లం ముదిరితే తెల్లనిది పసుపుపచ్చగా కనిపిస్తుంది. పచ్చదనం పోగొట్టడానికి మనిషి నీలం కలుపుతాడు, ఇంకా కలుపుతాడు. తనకి తెలుపయ్యేదాకా కలుపుతూనే ఉంటాడు. మా పెదనాన్న ఆల్విన్ కూడా ఇలాగే మొదలయ్యాడు. ఆపరేషన్ చేసి, రెండు వారాలు తలకి అటూ ఇటూ ఇసకమూటలు పెట్టి కదలకుండా పడుకోబెట్టారు. కట్లు విప్పాక ఆయనకి కిటికీ ఎటుందో కూడా తెలియలేదు. అప్పటి నుంచి మా ఇంట్లో కంటి వైద్యుడి మాటెత్తితే నాన్న లేచి వెళ్ళిపోయేవాడు.

వారం తిరక్కుండా ప్రచురణ సంస్థ నుంచి లెంగెఫెల్ట్ వచ్చింది. బొమ్మల విభాగం ఆవిడది. నాకంటే చిన్నది, నలభై లోపే, కానీ మాట మాత్రం కత్తి. నాన్న పెన్సిలు బొమ్మలు వసంతంలోనే చూసి ఒప్పుకుంది. రంగుల బొమ్మలు మాత్రం పాతకాలపు పద్ధతిలో నాన్న నేరుగా నా చేతికే ఇచ్చేవాడు. ఆవిడ చూసేది నేను గీసిన రాళ్ళ నుంచి నమూనాగా తీసిన ప్రూఫులే.

"మీ నాన్నగారి చూపెలా ఉంది రైన్‌హిల్డ్ గారూ? దాచకండి. చెడిపోయాక తెలిస్తే మా సంస్థ కమిటీ నన్ను నిలబెట్టి అడుగుతుంది. ఇంకో చిత్రకారుడు సిద్ధంగా ఉన్నాడు, ఇప్పుడైతే మార్చుకోవచ్చు."

"డేగ కళ్ళండీ ఆయనవి" అన్నాను.

అలా మొదలైంది. ఒక అబద్ధానికి కాపలా కాయాలంటే ఇంకో పది కావాలంటారు. నాకు పదహారు కావాల్సి వచ్చాయి, పుస్తకంలో బొమ్మలన్ని.

మా మేస్త్రీ గ్రోప్లర్ నలభయ్యేళ్ళుగా రాళ్ళ మధ్యే బతికిన మనిషి. ఒక మధ్యాహ్నం నా వెనక నిలబడ్డాడు. నేను నీలం రాయి గీస్తున్నాను. మేకపిల్లలు ఉండాల్సిన చోట దాదాపు ఖాళీగా వదిలేశాను. ఆయన బొమ్మ వైపు చూశాడు, రాయి వైపు చూశాడు, మళ్ళీ బొమ్మ వైపు చూశాడు.

"మా రోజుల్లో దీనికి వేళ్ళు విరిచేవాళ్ళు."

"మీ రోజుల్లో మీకు మీసాలుండేవి. ఇప్పుడు లేవుగా."

"వెటకారం ఆపు. ఓట్మార్‌కి తెలుసా?"

నేను పెన్సిలు మొన చెక్కుకున్నాను. ఆయన పక్కనున్న స్టూలు లాక్కుని కూర్చున్నాడు, గొంతు తగ్గించాడు.

"సరే, నీలం తీసేశావు. ప్రూఫు మీద సంతకం ఆయనే పెట్టాలి. ఈ ప్రూఫు తీసికెళితే ఆయన కంటికి పచ్చగా కనబడదా? అప్పుడేం చేస్తావు?"

అది నేనూ ఆలోచించాను. "ప్రతి బొమ్మకీ నీలం రాళ్ళు రెండు గీస్తాను. ఒకటి నాన్న వేసినట్టే. దాని ప్రూఫు నాన్నకి. సంతకమయ్యాక ఆ రాయి అరగదీసేద్దాం. రెండోది మిషనుకి."

గ్రోప్లర్ తల అడ్డంగా తిప్పాడు. "తోడేలు కాలికి పిండి పూస్తున్నావే రైన్‌హిల్డ్. ఆ కథలో తోడేలుకి చివరికి ఏమవుతుందో గుర్తుందా? కడుపులో రాళ్ళు పెట్టి కుట్టేస్తారు. మన దగ్గర రాళ్ళకి కొదవలేదు."

"మీరు చెప్పేస్తారా?"

"నాకెందుకే తల్లీ. కందకి లేని దురద కత్తికెందుకు?" అన్నాడు గానీ, మర్నాడు నా బల్ల పక్కన అదనంగా రెండు రాళ్ళు దించి ఉన్నాయి.

సెప్టెంబరంతా రోజుకి పన్నెండు గంటలు గీశాను. ఒకే మేకపిల్లని ఒకసారి జబ్బుగా, ఒకసారి ఆరోగ్యంగా. ఇంటికెళితే నాన్న ఉత్సాహంగా కొత్త బొమ్మ చూపించేవాడు. అది ముందుదానికన్నా ఇంకొంచెం నీలంగా ఉండేది. పెన్సిలు జిడ్డు గోళ్ళలో ఇంకిపోయి, సబ్బుతో రుద్దినా పోయేది కాదు.

ఒకరోజు లెంగెఫెల్ట్ చెప్పాపెట్టకుండా వచ్చింది. "అసలు బొమ్మలొకసారి చూస్తాను" అంది. అవి నా బల్ల మీదే ఉన్నాయి, పైన పల్చటి కాగితం కప్పి. ఆవిడ చెయ్యి చాచింది. నేను దొంగకి తేలు కుట్టినట్టు నిలబడిపోయాను.

"తియ్యకండమ్మా తియ్యకండి!" గ్రోప్లర్ అంత దూరం నుంచి అరుచుకుంటూ వచ్చాడు. "ఆ కాగితం గుర్తులు పెట్టి అంటించాం. ఇప్పుడు లేపితే వెంట్రుకవాసి జరుగుతుంది. జరిగిందంటే పసుపొక చోట, ఎరుపొక చోట పడతాయి. మేకకి రెండు మూతులొస్తాయి. మీ కమిటీకి రెండు మూతుల మేక కావాలా?"

ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకుంది. ప్రూఫులు చూసింది, తెల్లటివి. పిండి పూసిన కాలు దగ్గర ఆగి, "పిల్లలు మోసపోయారంటే మోసపోరూ మరి, ఎంత తెల్లగా ఉందో" అని మెచ్చుకుంది. ఆవిడ వెళ్ళాక గ్రోప్లర్ చెమట తుడుచుకున్నాడు. "నలభయ్యేళ్ళలో మొదటి అబద్ధం. నీ పుణ్యం" అన్నాడు. ఆ తర్వాత రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

అక్టోబరులో సంతకాలు. ఉత్తరం కిటికీ దగ్గర నాన్న తన బొమ్మనీ ప్రూఫునీ పక్కపక్కన పెట్టుకుని, ముక్కు ఆనేంత దగ్గరగా వంగి చూసేవాడు. నేను వెనక నిలబడేదాన్ని.

"భేష్. నా నీలం అణువు పోలేదు. ఇంత చెయ్యి ఈ ఊళ్ళో ఇంకెవరికుందే?" అంటూ 'అచ్చుకి సరే' అని రాసి, కింద పేరు రాసేవాడు. ఒక్కో సంతకానికి ఒక్కో మెచ్చుకోలు. తిట్టినా ఇంత బాధపడేదాన్ని కాదు.

నవంబరు మొదటి వారానికి పసుపూ ఎరుపూ పడిపోయాయి. నీలం ఎక్కించే రోజు వచ్చింది. చివరి రంగు పడే రోజు చిత్రకారుడు కేకూ సారా సీసా పట్టుకుని అచ్చుకూటానికి రావడం మా దగ్గర ఆనవాయితీ. అది నలుపు రోజు, ఇంకా వారముంది. పైగా కాళ్ళ నొప్పులు, రాలేనన్నాడు నాన్న. అందుకే నేను ధైర్యంగా ఉన్నాను.

పది గంటలకి తలుపు తోసుకుని వచ్చాడు. చంకలో కేకు డబ్బా.

"ట్రాము ఖాళీగా ఉందే, వచ్చేశాను. నీలం పడుతుంటే చూడక ఎన్నేళ్ళయిందో!"

అప్పటికే మిషను నడుస్తోంది. గ్రోప్లర్ నావైపు చూశాడు. నేను లేచి ఎదురెళ్ళాను, "ఇక్కడ చలి నాన్నా, పైన కూర్చుందాం పద" అన్నాను. ఆయన అప్పటికే బీరువా పక్కన వరసగా ఆనించిన నీలం రాళ్ళ దగ్గరికి వెళ్ళిపోయాడు. ఒకప్పుడు ఆయనా రాళ్ళు గీసినవాడే. వంగి మొదటి రాయి చూశాడు, తర్వాత రెండోది.

అప్పుడు తట్టింది నాకు. మూడు నెలలు ఇంత తెలివి ఉపయోగించి, ఇది మాత్రం మర్చిపోయాను. రాయి మీద రంగుండదు. ఏ రంగు రాయైనా గీసేది నల్ల పెన్సిలుతోనే. బూడిదరంగు రాయి మీద నలుపుని చూడ్డానికి నాన్న కళ్ళు ఇంకా పనికొస్తాయి.

ఆయన మూడో రాయి మీద, మేకపిల్లలుండాల్సిన చోట, వేలు పెట్టి నిమిరాడు. ఖాళీ. నాలుగోది, పిండి పూసిన కాలు. అదీ ఖాళీ.

"గ్రోప్లర్" అన్నాడు మెల్లిగా. "మిషనాపు."

ఆపేశారు. చిత్రకారుడు ఆపమంటే ఆపాల్సిందే, అదీ మా నియమమే. నాన్న కేకు డబ్బా మూత తీసి, పనివాళ్ళందరికీ తలా ఒక ముక్క ఇచ్చాడు. నాకూ ఇచ్చాడు. తర్వాత టోపీ పెట్టుకుని ఒక్కడే వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున ప్రూఫుల కట్టలు రెండూ ఇంటికి తెమ్మన్నాడు, తను సంతకం పెట్టినవీ పెట్టనివీ. కిటికీ దగ్గర కూర్చున్నాడు. రాత్రంతా నిద్రపోయినట్టు లేదు.

"నా పేరు పెట్టి, నాకు తెలియని పుస్తకం తెస్తున్నావన్నమాట."

"నాన్నా..."

"నోరుముయ్! నన్ను గుడ్డివాణ్ణి చేశావు నలుగురిలో. గ్రోప్లర్‌కి తెలుసు, ఆ కుర్రకుంకలకి తెలుసు. నాకు తెలీదు!"

"నేను చేశానా?" ఎక్కడి నుంచి వచ్చిందో కోపం, ఆగలేదు. "నీ కళ్ళు చేశాయి నాన్నా, నేను కాదు! చెబితే వింటావా నువ్వు? డాక్టరంటే లేచిపోతావు. మేజోళ్ళు ఏ రంగువి వేసుకున్నావో చూసుకో! నిజం చెప్పుంటే ఈపాటికి ఇంకెవడో వేస్తుండేవాడు నీ మేకపిల్లల్ని!"

ఆయన తన కాళ్ళవైపు చూసుకున్నాడు. నాకు నా నాలుక కోసేసుకోవాలనిపించింది.

"నేను వేసిన పిల్లలు ఏ రంగులో ఉన్నాయి?" అని అడిగాడు.

"నీలం."

"అన్నీనా?"

"అన్నీ నాన్నా."

"పిండి కూడానా?"

"పిండి కూడా."

తల ఊపాడు. తెల్ల ప్రూఫు ఒకటి తీసి వెలుతురుకి ఎత్తి పట్టుకున్నాడు. "నాకిది పచ్చగా కనిపిస్తోంది. ఉతకని దుప్పటిలా ఉంది. నువ్వేమో తెలుపంటున్నావు."

"తెలుపే నాన్నా. అమ్మ మీద ఒట్టు."

"సరే. అయితే తెలుపే" అన్నాడు. కలం తీసి, 'అచ్చుకి సరే' అని రాసి సంతకం పెట్టాడు. రెండోది అడిగాడు. ఒక్కో బొమ్మకీ "ఇదేం రంగు?" అని అడగడం, నేను చెప్పడం, ఆయన పెట్టడం. నా మాట తప్ప ఇంకేదీ చూడకుండా పెట్టాడు. ఏడుపు ఆపుకోలేక మధ్యలో ఒకసారి లేచి వెళ్ళి పొయ్యిలో బొగ్గు వేసొచ్చాను.

ఆఖరున గడియారం బొమ్మ మిగిలింది. పెట్టెలో ముడుచుకుని, తలుపు సందులోంచి బయటికి చూస్తున్న ఏడో పిల్ల.

"ఇది కూడా తెల్లగా చేశావా?"

"చేశాను."

కలం కింద పెట్టేశాడు. "దీనికి పెట్టను."

"ఎందుకు?"

"మిగతావి కంటితో కలిపాను. తప్పయ్యాయి, ఒప్పుకుంటున్నా. ఇది కంటితో కలిపింది కాదు. భూతద్దం పెట్టి రంగు ట్యూబు మీద పేరు చదివి, కావాలనే నీలం వేశాను, సగం ట్యూబు. అది ఉన్నది చీకట్లో. బయట దాని అన్నల్నీ అక్కల్నీ తోడేలు మింగేస్తోంది. సందులోంచి ఇంత వెలుగు తప్ప దానికేమీ లేదు. అది తెల్లగా ఎందుకుంటుందే?"

నిజమే. నీలం కనబడగానే జబ్బనుకున్నాను. పదహారింటిలో ఒకటైనా ఆయన తెలిసి వేసి ఉంటాడని అనుకోనే లేదు.

"నువ్వు నన్నొక్క మాట అడగాల్సింది" అన్నాడు. కోపంగా కాదు. కోపంగా అన్నా బాగుండేది.

ఆ బొమ్మకి నాన్న వేసినట్టే గీసిన నీలం రాయిని ఎప్పుడో అరగదీసేశాం. ఇద్దరం అచ్చుకూటానికి వెళ్ళి చెబితే గ్రోప్లర్ తలపట్టుకున్నాడు. "నా చేతుల్తోనే ఇసకపోసి రుద్దాను. ఇంకొకటి గీయాలంటే రెండు రోజులు. శుక్రవారానికి కాగితం మిషనెక్కకపోతే క్రిస్మస్‌కి పుస్తకం లేదు."

"నేను గీస్తాను" అన్నాను.

"నువ్వొద్దు" అన్నాడు నాన్న. "కొత్త రాయి ఇవ్వు గ్రోప్లర్. నలుపేగా, నలుపు నాకు బాగానే కనిపిస్తుంది."

ముప్ఫయ్యేళ్ళ తర్వాత నాన్న రాయి ముందు కూర్చున్నాడు. చెయ్యి రాయికి తగలకుండా ఆనించుకునే చెక్క వంతెన నాదే ఇచ్చాను. రెండు రోజులు పొద్దున్నుంచి సాయంత్రం దాకా చుక్క మీద చుక్క పెడుతూ ఆ చీకటిని గీశాడు. నేను పెన్సిళ్ళు చెక్కిచ్చాను. ఎక్కడా తప్పులేదు. ఎదురుగా ఉన్నది తిరగేసి గీయాలన్న సంగతి ఆ చేతికి ఒక్కసారీ చెప్పాల్సిన అవసరం రాలేదు. శుక్రవారం నీలం పడింది. గ్రోప్లర్ మొదటి కాగితం ఎత్తి చూసి, టోపీ తీశాడు.

క్రిస్మస్‌కి పది రోజుల ముందు లెంగెఫెల్ట్ మొదటి ప్రతులు పట్టుకుని మా ఇంటికొచ్చింది. వంటింట్లోనే కూర్చుంది. ఎండుద్రాక్ష రొట్టె కోసి పెట్టాను. పేజీలు తిప్పుతూ గడియారం దగ్గర ఆగిపోయింది.

"ప్రూఫులో ఇలా లేదే. ఈ పేజీ చూస్తుంటే నాకే ఊపిరాడ్డం లేదు. ఈ నీలం ఎక్కడిది రైన్‌హిల్డ్ గారూ?"

నేను నాన్నవైపు చూశాను. ఆయన రొట్టె నమలడం ఆపాడు.

"ఆ నీలం నాది. మిగతా పుస్తకంలో తెలుపంతా మా అమ్మాయిది" అన్నాడు. "నా చూపు చెడి ఏడాదవుతోంది. నేను వేసింది వేసినట్టు అచ్చేసుంటే పిల్లలు దడుచుకునేవాళ్ళు."

ఆవిడ ఫోర్కు కింద పెట్టింది. "మీరు నాతో డేగ కళ్ళన్నారు" అంది నావైపు తిరిగి.

"అన్నాను. అబద్ధం."

కెటిల్లో నీళ్ళు మరిగిపోతున్నాయి, ఎవరూ లేవలేదు. ఆవిడ పుస్తకం మూసి అట్టమీద చెయ్యి పెట్టుకుంది. "ఇంకో పుస్తకం మీకు ఇవ్వలేను ఓట్మార్ గారూ. ఇది తెలిశాక ఇవ్వలేను."

"నేనూ అడగను."

"కానీ రెండో అచ్చు పడితే" అంటూ లేచి కోటు వేసుకుంది, "పేరు ఒకటే ఉంటే బాగుండదు. రెండూ వేయిస్తాను." గుమ్మం దాకా వెళ్ళి, వెనక్కొచ్చి, వదిలేసిన రొట్టె ముక్క చేత్తో పట్టుకుని వెళ్ళింది.

జనవరి మొదటి సోమవారం. నేను టిఫిను డబ్బా కడుతున్నాను. నాన్న గదిలోంచి మేజోళ్ళతో వచ్చి నా ముందు నిలబడ్డాడు, రెండు చేతుల్లో రెండు పట్టుకుని. కళ్ళ ఆసుపత్రికి ట్రాము ఇంకో పావుగంటలో ఉంది.

"ఏది నలుపే?" అని అడిగాడు.